పార్కు ఎస్టిమేట్ వేయకముందే యువత మాట చెప్పాలంటే ఎలా? మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో ఉన్న దారులు ఇవీ

పెద్దపంజాణి వైపు నుంచి పుంగనూరుకో, మదనపల్లెకో చదువు కోసం వచ్చే ఓ డిగ్రీ విద్యార్థినిని ఊహించుకోండి. మూడున్నరకు క్లాసులు అయిపోతాయి. ఊరికి వెళ్లే బస్సు ఐదింటికి. మధ్యలో గంటన్నర. అబ్బాయిలైతే టీ కొట్టు దగ్గరో, ఆపి ఉన్న బైకుల మీదో కాలక్షేపం చేస్తారు. ఆ అమ్మాయికి మిగిలేది బస్టాండులో బెంచీ, అదీ ఖాళీ ఉంటే. డబ్బు పెట్టకుండా, ఎవరూ 'ఇక్కడేం పని?' అని అడగకుండా ఓ గంట కూర్చోవడానికి పట్టణంలో చోటు ఎక్కడుంది?

ఈ ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ పట్టణంలో పార్కు, ఆటస్థలం, బస్టాండు, చెరువు కట్ట ఎవరి కోసం కడుతున్నారన్న విషయం ఇక్కడే బయటపడుతుంది. మన పార్కుల్లో సాధారణంగా కనిపించేవి మూడు: చిన్నపిల్లలకు ఊయల, జారుడుబల్ల, పెద్దలకు నడక దారి, ఈ మధ్య ఓపెన్ జిమ్. పన్నెండు నుంచి ఇరవై ఏళ్ల వారికి వీటిలో ఏదీ సరిగ్గా సరిపోదు. పద్దెనిమిది నిండనివారికి ఓటు లేదు కాబట్టి వార్డులో వారి మాట అడిగే అవసరం ఎవరికీ రాదు. నలుగురు కలిసి నిలబడితే మాత్రం 'ఆకతాయిలు' అన్న పేరు వెంటనే వస్తుంది.

ప్లేస్‌మేకింగ్ అంటే ఏమిటి?

ఒక ఖాళీ జాగాను, దాన్ని వాడుకునే మనుషులే కలిసి తమకు పనికొచ్చే చోటుగా మార్చుకోవడాన్ని ప్లేస్‌మేకింగ్ అంటున్నారు. తెలుగులో దీనికి ఇంకా స్థిరమైన పేరు రాలేదు. పేరు కొత్తదే గానీ పని కొత్తది కాదు. చెట్టు చుట్టూ అరుగు కట్టి దాన్ని రచ్చబండ చేసుకున్న ఊళ్లు మనవి.

ఈ ఆలోచనకు లెక్కల బలం ఇచ్చినవారిలో అమెరికన్ పరిశీలకుడు విలియం వైట్ ముఖ్యుడు. 1970లలో ఆయన బృందం న్యూయార్క్‌లో పెద్ద భవనాల ముందున్న ఖాళీ స్థలాలను కెమెరాలతో చిత్రీకరించి, జనం ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ ఆగడం లేదో గమనించింది. తేలిన విషయం నవ్వొచ్చేంత మామూలుది: కూర్చోడానికి వీలున్న చోటే జనం కూర్చుంటారు. అందంగా ఉన్నా కూర్చునే వీలు లేని చోట ఎవరూ ఆగరు. ఈ పరిశీలనల ఆధారంగా ఆ నగరం 1975లో తన నిబంధనలనే మార్చుకుంది. అదే ఏడాది, ప్రజా స్థలాల మీద పనిచేసే 'ప్రాజెక్ట్ ఫర్ పబ్లిక్ స్పేసెస్' అనే సంస్థ మొదలైంది.

మన కుర్రాళ్లకు ఈ పని చేతకాదని ఎవరైనా అంటే వినాయక చవితి గుర్తుచేయండి. మండపం ఎక్కడ వేయాలి, రాకపోకలకు దారి ఎటు వదలాలి, కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలి, పోలీసుల అనుమతి, చందాల లెక్క, రాత్రి కాపలా, నిమజ్జనం తర్వాత శుభ్రం చేయడం... వీధిలో ఓ మూలను కొన్ని రోజులపాటు అందరూ వచ్చి నిలబడే చోటుగా మార్చేది ఇరవై ఏళ్లవారే. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర, కుప్పంలో తిరుపతి గంగమ్మ జాతర జరిగినప్పుడు పట్టణంలో వీధుల రూపే మారిపోతుంది. ఆ అనుభవం ఉన్నవారిని మున్సిపల్ పార్కు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏమీ తెలియనివారిలా చూస్తాం.

పిలుస్తున్నది దేనికి?

యువతను అసలు పిలవడం లేదని అనలేం. జాతీయ సేవా పథకం, అదే ఎన్‌ఎస్‌ఎస్, 1969 నుంచి ఉంది. వాలంటీరుగా చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, ఏడు రోజుల శిబిరానికి వెళ్లాలి. రాష్ట్రంలో 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం 'స్వర్ణాంధ్ర - స్వచ్ఛాంధ్ర' కార్యక్రమం జరుగుతోంది. ఇలాంటి చోట విద్యార్థులే ముందుంటారు. ఊడుస్తారు, మొక్కలు నాటుతారు, గోడలకు రంగులు వేస్తారు.

ఈ పనులను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఇక్కడ ఇచ్చింది చీపురు, నిర్ణయం కాదు. ఆ మొక్క అక్కడ ఎందుకు నాటాలి, ఆ గోడ అసలు ఉండాలా అన్నవి ముందే ఎవరో తేల్చేశారు.

పిల్లల భాగస్వామ్యంపై పనిచేసిన రోజర్ హార్ట్ 1992లో యునిసెఫ్ కోసం రాసిన పుస్తకంలో ఎనిమిది మెట్ల నిచ్చెన ఒకటి గీశారు. కింది మూడు మెట్లను ఆయన భాగస్వామ్యం కిందే లెక్కించలేదు. పెద్దల మాటను పిల్లల నోట పలికించడం ఒకటి, వారిని అలంకారంగా నిలబెట్టడం రెండోది, పేరుకు మాత్రమే మాట అడగడం మూడోది. ప్రారంభోత్సవంలో యూనిఫాంలో వరుసగా నిలబెట్టిన పిల్లల ఫొటో ఏ మెట్టు కిందికి వస్తుందో చెప్పనక్కర్లేదు.

పని ఎక్కడ మొదలవుతుంది? ఎక్కడ దూరాలి?

అసలు విషయం ఇదే. మున్సిపాలిటీలో ఓ పార్కు పని దాదాపు ఇలా నడుస్తుంది. ముందు ఎవరో ప్రతిపాదిస్తారు: కౌన్సిలరో, ఎమ్మెల్యేనో, కమిషనరో, కాలనీవాసులో. ఇంజినీరింగ్ విభాగం నుంచి ఏఈ వచ్చి స్థలం చూసి కొలతలు తీసుకుంటారు. అంచనా, అందరూ అనే మాటలో ఎస్టిమేట్, తయారవుతుంది. దానికి పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి రావాలి. కౌన్సిల్ ఉంటే అజెండాలో పెట్టి ఆమోదిస్తారు. పాలకవర్గం గడువు ముగిసి ఉంటే ఆ అధికారం స్పెషల్ ఆఫీసరు చేతిలో ఉంటుంది. తర్వాత టెండరు, ఒప్పందం, పని, కొలతల పుస్తకం, బిల్లు.

ఎస్టిమేట్ అయ్యాక ఏదైనా మార్చాలంటే దాన్ని సవరించాలి, మళ్లీ అనుమతులు తీసుకోవాలి. టెండరు అయ్యాక ఇంకా కష్టం. 'ఇక్కడ ఫౌంటెన్ వద్దు, దాని బదులు నాలుగు దీపాలు, ఒక మరుగుదొడ్డి పెట్టండి' అన్న మాట ఏఈ టేపు పట్టుకుని వచ్చిన రోజు చెబితే దానికి ఖర్చేమీ లేదు. అదే మాట ఆర్నెల్ల తర్వాత చెబితే ఆడిట్ అభ్యంతరం అవుతుంది. కాబట్టి అడగాల్సిన సమయం ఎస్టిమేట్‌కు ముందే. మన దగ్గర యువతను పిలిచేది ఎక్కువగా బిల్లు అయిపోయాకే.

చట్టం ఏమంటోంది? 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దాంతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలున్నాయి. పార్కులు, తోటలు, ఆటస్థలాలు ఆ జాబితాలోనే ఉన్నాయి. అదే సవరణ వార్డు కమిటీలు ఉండాలని కూడా చెప్పింది. అయితే మూడు లక్షలు, ఆపై జనాభా ఉన్న చోటే అవి తప్పనిసరి. 2011 జనాభా లెక్కల ప్రకారం మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పంలో ఏదీ ఆ గీతను దాటలేదు. అంటే పెద్ద నగరంలో కూర్చుని మాట్లాడే వేదికను రాజ్యాంగమే ఇస్తుంది, చిన్న పట్టణంలో దాన్ని మనమే అడిగి తెచ్చుకోవాలి.

ఆచరణలో దగ్గరి తలుపు వార్డు సచివాలయం. 2019 అక్టోబరు 2న మొదలైన ఈ వ్యవస్థలో ఒక్కో పనికి ఒక్కో కార్యదర్శిని పెట్టారు. పార్కు, దీపాలు, రోడ్డు లాంటి వాటికి సౌకర్యాల కార్యదర్శి, జాగా ఎవరిది, ఆక్రమణ ఉందా అన్న విషయాలకు ప్లానింగ్ కార్యదర్శి. అక్కడ ఇచ్చిన కాగితానికి రసీదు తప్పకుండా తీసుకోండి. నోటిమాటగా చెప్పిన సూచన ఎస్టిమేట్‌లోకి ఎక్కడం నేనైతే చూడలేదు.

ఊరంతటి ప్లాను విషయానికొస్తే, ఈ ప్రాంతానికి 2019లో పలమనేరు - కుప్పం - మదనపల్లె పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పాటైంది. పీకేఎం ఉడా అంటే ఇదే. కుప్పానికి ప్రాంత అభివృద్ధి సంస్థ 'కడా' కూడా ఉంది. మాస్టర్ ప్లాన్ ముసాయిదా బయటపెట్టినప్పుడు అభ్యంతరాలు, సూచనలు ఇవ్వడానికి గడువు ఇస్తారు. సాధారణంగా ఆ గడువులో వచ్చేది తమ పొలం మీదుగా రోడ్డు పోతోందన్న రైతులు, రియల్ ఎస్టేట్ వ్యాపారులు. కాలేజీ విద్యార్థులు ఒక దరఖాస్తు ఇచ్చినా ఫైల్లో అది విడిగా కనిపిస్తుంది. కుప్పంలోని ద్రవిడ విశ్వవిద్యాలయంలో 2025 జనవరి 6న ముఖ్యమంత్రి 'స్వర్ణ కుప్పం - విజన్ 2029' పత్రాన్ని విడుదల చేశారు. ఇలాంటి పత్రం మీ పట్టణానికి ఉంటే అందులో ఆటస్థలం, పార్కు అన్న మాటలు ఎక్కడున్నాయో వెతికి, ఆ పేజీని దరఖాస్తుకు జత చేయండి. అధికారి ఒప్పుకున్న మాటనే అధికారికి గుర్తుచేయడం కన్నా సులువైన దారి లేదు.

జాగా ఎక్కడుంది?

'మా వార్డులో ఖాళీ స్థలమే లేదు' అనే మాట తరచుగా వింటాం. చాలాసార్లు అది నిజం కాదు. రాష్ట్రంలో అనుమతి పొందే లేఅవుట్‌లో మొత్తం విస్తీర్ణంలో కనీసం 10 శాతం ఖాళీ స్థలంగా వదలాలి. 2017 లేఅవుట్ నిబంధనలు ఈ సంగతి చెబుతాయి. ఆ జాగాను గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు రిజిస్టరు చేయాలి. అంటే అది ప్రజల ఆస్తి. కంపచెట్లు పెరిగి, చెత్త కుప్పలు పడి, కొన్నిచోట్ల పక్కింటివారి ప్రహరీ లోపలికి వెళ్లిపోయి ఉంటుంది, అంతే.

దాన్ని బయటికి తీయడానికి సమాచార హక్కు చట్టం ఉంది. 'మా వార్డు పరిధిలో ఆమోదం పొందిన లేఅవుట్ల జాబితా, వాటిలో ఖాళీ స్థలాల విస్తీర్ణం, గిఫ్ట్ డీడ్ నకళ్లు ఇవ్వండి' అని మున్సిపల్ కార్యాలయంలో పౌర సమాచార అధికారికి దరఖాస్తు చేయండి. ఫీజు 10 రూపాయలు. మండల స్థాయి కార్యాలయమైతే 5 రూపాయలు, గ్రామ స్థాయిలో ఫీజే లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. పక్కవారితో గొడవ పడక్కర్లేదు, కాగితం వచ్చాక మున్సిపాలిటీనే కొలిపించమని అడగండి.

పార్కు కోసం వదిలిన జాగాను ఇంకో పనికి ఇచ్చేస్తే? బెంగళూరులో ఒక లేఅవుట్‌లో పార్కుకు వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించారు. అక్కడి నివాసులు కోర్టుకు వెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. బెంగళూరు మెడికల్ ట్రస్టు, బి.ఎస్. ముద్దప్ప కేసుగా ఇది న్యాయవాదులందరికీ తెలుసు. ఆసుపత్రి కూడా మంచిదే కదా అన్న వాదన అక్కడ నిలబడలేదు.

పెద్దపంజాణి పంచాయతీ కదా, మరి అక్కడ?

అక్కడ దారి వేరు. మున్సిపాలిటీ కాదు కాబట్టి గ్రామసభే వేదిక. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి పనులను తీర్మానాల్లోకి ఎక్కించారు. ఏటా తయారయ్యే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలోకి ఒక పని చేరాలంటే ఆ సభలో ఎవరో లేచి అడగాలి, అది మినిట్స్‌లో నమోదు కావాలి. పద్దెనిమిది దాటి ఓటరు జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. కాలేజీకి పట్నం వెళ్తున్నా ఓటు ఊళ్లో ఉంటే ఆ హక్కు మీదే.

పద్దెనిమిది నిండనివారి మాటేమిటి? ఇక్కడ మనకన్నా పొరుగు రాష్ట్రం ముందుంది. పలమనేరు, కుప్పం దాటగానే వచ్చే కర్ణాటకలో పంచాయతీలు 'మక్కళ గ్రామసభ' పేరుతో పిల్లలకే ప్రత్యేకంగా సభ పెడతాయి. బడికి దారి, మరుగుదొడ్డి, ఆటస్థలం లాంటివి పిల్లలే లేచి అడుగుతారు, అధికారులు వినాలి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ కూడా బాలసభలు పెట్టమని చెబుతోంది. మన దగ్గర హైస్కూలు హెడ్మాస్టరు, పంచాయతీ కార్యదర్శి అనుకుంటే ఇది మొదలుపెట్టడానికి కొత్త జీవో ఏదీ అక్కర్లేదు.

అమ్మాయిలు ఎందుకు కనిపించరు?

'యువత' అనగానే మనకు అబ్బాయిలే గుర్తొస్తారు. క్రికెట్ నెట్ ఒకటి కట్టేసి యువతకు చేశామంటాం. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1990ల మధ్యలో ఓ అధ్యయనం జరిగింది. సుమారు తొమ్మిదేళ్లు దాటాక పార్కుల్లో అమ్మాయిల సంఖ్య బాగా పడిపోతోందని, అబ్బాయిల సంఖ్య అలా తగ్గడం లేదని అందులో తేలింది. ఒకే పెద్ద మైదానం ఉంటే అది అబ్బాయిల ఆటకే పోతోంది, అమ్మాయిలు పోటీపడి నిలవకుండా వెళ్లిపోతున్నారు. 1999లో అక్కడ రెండు పార్కులను మార్చి కట్టారు. పెద్ద స్థలాన్ని చిన్న భాగాలు చేశారు, దారులు పెంచారు, వాలీబాల్, బ్యాడ్మింటన్ కోర్టులు పెట్టారు. మార్పు వెంటనే కనిపించింది. అమ్మాయిలు తిరిగి వచ్చారు.

మన పట్టణానికి దీన్ని తేవాలంటే అధ్యయన సంస్థ అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, నలుగురు స్నేహితులు చాలు. ఒక పార్కును ఎంచుకోండి. వారం రోజులు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, చీకటి పడ్డాక ఓ పది నిమిషాలు లెక్కపెట్టండి: ఎంతమంది ఉన్నారు, అందులో అమ్మాయిలెందరు, అబ్బాయిలెందరు, ఎక్కడ కూర్చున్నారు, ఏ మూలకు ఎవరూ వెళ్లడం లేదు, గేటుకు ఎప్పుడెప్పుడు తాళం పడుతోంది. మనుషుల ముఖాలు ఫొటో తీయకండి, లెక్క చాలు. 'మా పార్కు బాగాలేదు' అన్న ఫిర్యాదు రోజుకు పది వస్తాయి. 'ఏడు రోజుల్లో సాయంత్రం ఆరు తర్వాత ఒక్క అమ్మాయి కూడా లోపలికి రాలేదు, వెనుక వైపు రెండు దీపాలు వెలగడం లేదు' అన్న కాగితం మాత్రం అరుదుగా వస్తుంది. దాన్ని పక్కన పెట్టడం అధికారికి కష్టం.

కాంక్రీటు పోయకముందే చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు. హైదరాబాద్‌లో 2021 ఆగస్టులో ట్యాంక్‌బండ్‌పై ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపేశారు. ఐదు నుంచి పది గంటల దాకా రోడ్డు జనానిది. కొత్తగా ఏమీ కట్టలేదు, బారికేడ్లు పెట్టారు. కుదరకపోతే తీసేయవచ్చు. మదనపల్లెలోనో, కుప్పంలోనో కాలేజీల దగ్గర ఒక వీధిని నెలకో సాయంత్రం ఇలా ఆపి చూస్తే, అక్కడ శాశ్వతంగా ఏం కావాలో ఎస్టిమేట్‌కు ముందే తెలుస్తుంది. దుకాణదారులతో ముందుగా మాట్లాడకుండా మాత్రం దిగకండి. మొదటి వ్యతిరేకత వచ్చేది వారి నుంచే.

కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ 2020 నవంబరులో 'నర్చరింగ్ నైబర్‌హుడ్స్' పేరుతో నగరాలకు ఒక పోటీ పెట్టింది. ఐదేళ్లలోపు పిల్లలకు అనుకూలంగా వీధులు, పార్కులు, అంగన్‌వాడీల పరిసరాలను మార్చడం దాని లక్ష్యం. ముందు తక్కువ ఖర్చుతో ప్రయోగం, నచ్చితేనే శాశ్వత నిర్మాణం అన్నది పద్ధతి. 2022లో ప్రకటించిన పది విజేత నగరాల్లో కాకినాడ, వరంగల్ ఉన్నాయి. పసిపిల్లల కోసం చేయగలిగినవారు పదహారేళ్లవారి కోసం ఎందుకు చేయలేరు?

నేపాల్‌లోని కీర్తిపూర్‌లో ఓ పాత కొలను పరిసరాలను బాగుచేసేటప్పుడు స్థానికులతో మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేమ్‌లో డిజైన్ చేయించారు. ఐక్యరాజ్యసమితి సంస్థ యూఎన్ హాబిటాట్ 2012లో ఆ గేమ్ కంపెనీతో కలిసి మొదలుపెట్టిన కార్యక్రమంలో భాగమిది. ఇంజినీరు గీసే ప్లాను చదవలేని పిల్లాడు గేమ్‌లో చెట్టు ఎక్కడ ఉండాలో పెట్టి చూపిస్తాడు.

అన్నీ ఫలించవు, ఇదీ చెప్పుకోవాలి. 1990ల చివర్లో యునెస్కో తోడ్పాటుతో సాగిన 'గ్రోయింగ్ అప్ ఇన్ సిటీస్' పరిశోధన కోసం బెంగళూరులోని సత్యనగర్ అనే పేదల బస్తీని ఎంచుకున్నారు. పిల్లలు తమ బస్తీ పటాలు గీశారు, పరిశోధకులను వెంట తిప్పి చూపించారు. ఏం కావాలో స్పష్టంగానే చెప్పారు. పిల్లల దగ్గర ఉన్న స్పష్టత, అమలు చేయాల్సిన సంస్థల దగ్గరికి వచ్చేసరికి చిక్కుల్లో పడింది. ఆ పరిశోధకులు దీన్ని దాచకుండా రాశారు. పిల్లల్ని అడిగి, జవాబు తీసుకుని, మళ్లీ కనిపించకపోతే అసలు అడగకపోవడం కన్నా ఎక్కువ నష్టమే జరుగుతుంది. రెండోసారి పిలిస్తే వారు రారు.

డబ్బు, తాళం

డబ్బు లేదన్న జవాబు ఖాయంగా వస్తుంది. 2015లో మొదలైన అమృత్ పథకంలో పార్కులు, పచ్చదనానికి గరిష్ఠంగా 2.5 శాతం వాటా పెట్టారు, వాటిలో పిల్లలకు తగిన ఏర్పాట్లు ఉండాలన్నారు. 2021 అక్టోబరులో వచ్చిన అమృత్ 2.0 చట్టబద్ధ పట్టణాలన్నింటికీ వర్తిస్తుంది. మీ మున్సిపాలిటీకి పార్కుల పద్దు కింద ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది కూడా అదే పది రూపాయల దరఖాస్తుతో అడగవచ్చు. అయితే నాకు అనిపించేది, చాలా పార్కులకు కావాల్సింది కొత్త నిధి కాదు, తాళం చెవి. కాపలా లేదని గేటు మూసేస్తారు, మూసేశాక కంప పెరుగుతుంది, కంప పెరిగాక అసాంఘిక కార్యకలాపాలంటూ ఇంకో తాళం వేస్తారు. కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్‌కు ఉన్న ఆ 240 గంటల్లో కొంత, ఒక పార్కును సాయంత్రం తెరిచి ఉంచడానికి వాడుకోవచ్చేమో ప్రిన్సిపాల్‌ను, కమిషనర్‌ను కలిపి కూర్చోబెట్టి అడగండి. బాధ్యత ఎవరిది, ఎన్ని గంటల వరకు అన్నది రాతపూర్వకంగా ఉండాలి. సెలవుల్లో, పరీక్షలప్పుడు ఎవరు చూస్తారో కూడా అందులోనే రాయించండి. ఇలాంటి ఏర్పాట్లు ఎక్కువగా ఆగిపోయేది మార్చి నెలలోనే.

కదలిక లేకపోతే 1100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. కలెక్టరేట్‌లో ప్రతి సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది, అక్కడ అర్జీ ఇచ్చి నమోదు సంఖ్య తీసుకోండి. వార్డు సచివాలయంలో తీసుకున్న రసీదు, వారం రోజుల లెక్క కాగితం అర్జీకి జత చేయండి. సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లోగా అదే కార్యాలయంలో మొదటి అప్పీలు వేయాలి. గడువు దాటనివ్వకండి.